గణపతి పాట తీసేసినవాడు: అన్నాభావు సాఠే

మహారాష్ట్ర పల్లెల్లో తమాషా మొదలవ్వాలంటే ముందు 'గణ్' పాడాలి. అది గణపతి ప్రార్థన. ఆ తర్వాత వచ్చేది 'గవళణ్'. పాలు, పెరుగు అమ్మడానికి మథుర బజారుకు పోతున్న గొల్లభామలను కృష్ణుడూ అతని స్నేహితుడు పెంద్యా దారిలో ఆపి సతాయిస్తారు. జనం పడీపడీ నవ్వుతారు. ఆపైన లావణి, చివరికి 'వగ్' అని పిలిచే అసలు కథ. ఆడేవాళ్ళు ఎక్కువగా మహర్లు, మాంగులు, కొల్హాటీలు. ఊరి బయట ఉండేవాళ్ళు ఊరి నడుమకొచ్చి, తమను గుడిలోకి రానివ్వని దేవుడికే మొదటి దండం పెట్టి ఆట మొదలుపెట్టాలన్నమాట. ఈ వరసను తరాలుగా ఎవరూ కదిలించలేదు.

1940ల్లో బొంబాయి మిల్లు కార్మికుల ముందు ఒక మాంగ్ యువకుడు దాన్ని కదిలించాడు. గణపతి ఉన్న చోట మాతృభూమికీ, శివాజీకీ, జనం కోసం ప్రాణాలిచ్చినవాళ్ళకీ దండం పెట్టాడు. గొల్లభామల ఘట్టాన్ని పూర్తిగా తీసేశాడు. ఆడవాళ్ళను ఆటపట్టించి పుట్టించే నవ్వు తన ఆటకు అక్కర్లేదనుకున్నాడు. మిల్లు కార్మికుల్లో దేవుణ్ణి నమ్మేవాళ్ళే ఎక్కువ. వాళ్ళు లేచిపోతే ఆట లేదు, ఆట లేకపోతే ఆడేవాడికి తిండి లేదు. అయినా వాళ్ళు లేచిపోలేదు. కూర్చున్నారు, మళ్ళీ మళ్ళీ వచ్చారు.

ఆ యువకుడే అన్నాభావు సాఠే. మహారాష్ట్రలో ఆయన్ని 'లోక్‌శాహీర్' అంటారు, ప్రజల గాయకుడని అర్థం. మన విద్యార్థి సంఘాల గోడల మీద ఫూలే, అంబేడ్కర్, పెరియార్‌ల పక్కన ఆయన బొమ్మ అప్పుడప్పుడూ కనిపిస్తుంది. ఆయన ఏం చేశాడన్నది మాత్రం మన దగ్గర తక్కువమందికే తెలుసు. దళిత కళారూపాల మీద చదువుకుంటూ పోయే క్రమంలో మేం ఆయన దగ్గరకు చేరాం. ఈ వ్యాసం అందుకే.

1920 ఆగస్టు 1న వాటేగావ్‌లో పుట్టాడు. అప్పట్లో సాతారా జిల్లా, ఇప్పుడు సాంగ్లీ జిల్లా, వాళవా తాలూకా. అసలు పేరు తుకారాం. తండ్రి భావురావు, తల్లి వాలూబాయి. మాంగ్ కులం అంటే మనకు తెలియని కులం కాదు. తాళ్ళు పేనడం, హలగీ కొట్టడం వాళ్ళ పని. హలగీ అంటే మన డప్పే. మరాఠీ నేలలో మాంగులున్న చోటే తెలుగు నేలలో మాదిగలున్నారని చెప్పుకోవచ్చు. బ్రిటిష్ ప్రభుత్వం వాళ్ళను నేరస్త కులంగా చూసింది. దొంగతనం ఎక్కడ జరిగినా పోలీసులు ముందు మాంగ్‌వాడకు వచ్చేవాళ్ళు. మగవాళ్ళు ఊరి చావడి దగ్గర హాజరు వేయించుకోవాలి. పుట్టుకతోనే ముద్దాయి అయినవాడి కొడుకు బడికి పోతే ఏమవుతుందో అదే అయింది. ఆయన చదువు ఒకటిన్నర రోజు. ఆ ఒకటిన్నర రోజును మహారాష్ట్ర అంతా లెక్కపెట్టి మరీ గుర్తుపెట్టుకుంది.

1930ల మొదట్లో కరువు తరిమితే ఆ కుటుంబం బొంబాయికి నడిచి వెళ్ళింది. రైలు టికెట్‌కు డబ్బుల్లేవు. దారిలో దొరికిన పని చేస్తూ, దొరికింది తింటూ పోయారు. బొంబాయిలో ఆయన చేయని పని లేదు. బొగ్గు మోశాడు, మూటలెత్తాడు, బట్టల మిల్లులో పనిచేశాడు. అక్షరాలు నేర్చుకున్నది ఆ వీధుల్లోనే, దుకాణాల బోర్డులు, సినిమా పోస్టర్లు కూడబలుక్కుంటూ. పాఠ్యపుస్తకం ముందు రావాల్సినవాడికి సినిమా పోస్టర్ ముందొచ్చింది. ఆయన కథలు చదివితే మాకు ఒకటి అనిపిస్తుంది. పెద్ద అక్షరాలతో, దూరం నుంచి కూడా కనపడేట్టు రాయడం ఆయనకు అక్కడే అబ్బి ఉంటుంది.

మధ్యలో ఊరికి తిరిగొచ్చి, బంధువు బాపూ సాఠే నడిపే తమాషా బృందంలో చేరాడు. ఆట లోపలి కిటుకులన్నీ అక్కడ పట్టుకున్నాడు. మళ్ళీ బొంబాయి. ఈసారి మాటుంగా లేబర్ క్యాంప్. పేరు క్యాంపే గానీ అది బురద, దోమలు, రేకుల గుడిసెల వాడ. అక్కడ దళిత కార్మికులు ఎక్కువ. కమ్యూనిస్టు పార్టీ పనీ ఎక్కువే. మహాడ్ చెరువు సత్యాగ్రహానికి ఏర్పాట్లు చేసినవాళ్ళలో ఒకరైన ఆర్.బి. మోరే ఆ తర్వాత కమ్యూనిస్టు అయ్యాడు, ఈ కార్మికుల మధ్యే పనిచేశాడు. అన్నాభావు తొలి పాటల్లో ఒకటి ఆ క్యాంపులోని దోమల మీద కట్టిన పొవాడా.

పొవాడా అంటే వీరగాథ. శివాజీ, తానాజీల యుద్ధాలను డఫ్ కొడుతూ పాడే రూపం. మన బుర్రకథకు దగ్గరి చుట్టం. 1869లో జోతిరావు ఫూలే శివాజీ మీద పొవాడా రాసి, ఆ రూపాన్ని బ్రాహ్మణ చరిత్రకు ఎదురుగా నిలబెట్టాడు. అలాంటి ఘనమైన రూపంలో దోమల్ని పాడటం పైకి చూస్తే హాస్యం. వీరుడి కోసం దాచిన గొంతును లేబర్ క్యాంప్ మురికి కోసం వాడటం వెనక ఉన్న తెగువ కాస్త ఆగి చూస్తేగానీ కనపడదు. వాడలోని బాధ కూడా వీరగాథకు తగిన వస్తువేనని ఆ పాట చెప్పకనే చెప్పింది.

1943లో స్టాలిన్‌గ్రాడ్ మీద పొవాడా కట్టాడు. వాటేగావ్, బొంబాయి తప్ప మరో లోకం చూడని మనిషి వోల్గా ఒడ్డున జరిగిన యుద్ధాన్ని మరాఠీ కార్మికుడి కళ్ళ ముందు నిలబెట్టాడు. ఆ పాట ఆయన్ని రాత్రికి రాత్రే కార్మిక వాడల్లో పెద్దవాణ్ణి చేసింది. 1944లో అమర్ షేక్, ద.నా. గవాణ్కర్‌లతో కలిసి 'లాల్ బావ్టా కలాపథక్' పెట్టాడు. ఎర్రజెండా కళాబృందమని అర్థం. అమర్ షేక్ పేద ముస్లిం కుటుంబం నుంచి వచ్చినవాడు, మైకు అక్కర్లేని గొంతు. బెంగాల్ కరువు, అమళ్నేర్‌లో పోలీసు కాల్పుల్లో చనిపోయిన మిల్లు కార్మికులు, పంజాబ్, ఢిల్లీ మతకలహాలు, ఒక్కొక్కటీ పొవాడా అయింది. తెలంగాణ సాయుధ పోరాటం మీద కూడా ఆయన పొవాడా కట్టాడు. మన నేల మీద నిజాంకూ దొరలకూ ఎదురు తిరిగిన రైతుల కథను బొంబాయి పరేల్ వాడల్లో ఒక మాంగ్ గాయకుడు పాడాడన్నమాట. అదే కాలంలో ఇక్కడ ప్రజానాట్యమండలి 'మా భూమి' నాటకం ఆడుతోంది. అన్నాభావు పుట్టిన 1920లోనే గుంటూరు జిల్లా పొన్నెకల్లులో దూదేకుల ఇంట పుట్టిన షేక్ నాజర్ బుర్రకథను కొత్తదారి పట్టిస్తున్నాడు. ఇద్దరూ ఇంటి నుంచి తెచ్చుకున్న ఆస్తి గొంతు మాత్రమే. వీళ్ళిద్దర్నీ పక్కపక్కన పెట్టి ఎవరైనా ఒక పరిశోధన చేయాలని మా కోరిక. మాకు తీరిక దొరికితే మేమే మొదలుపెడతాం.

'అక్లేచీ గోష్ట్', 'శేట్‌జీంచే ఇలెక్షన్', 'దేశభక్త ఘోటాళే', 'మాఝీ ముంబయి' లాంటి ఆటలు వరసగా వచ్చాయి. వాటిలో షావుకారు ఉంటాడు, ఎన్నికల్లో నిలబడే శేఠ్ ఉంటాడు, దేశభక్తి పేరు చెప్పి తినేవాడుంటాడు. కొత్తగా గద్దెనెక్కిన కాంగ్రెస్ ప్రభుత్వానికి ఇవి మింగుడుపడలేదు. బొంబాయి రాష్ట్రంలో హోంమంత్రి మొరార్జీ దేశాయి. తమాషాల మీద నిషేధం వచ్చింది. పైకి చెప్పిన కారణం అశ్లీలత. నిజానికి ఆడవాళ్ళను సతాయించే ఘట్టాన్ని తన ఆట నుంచి తీసేసినవాడు అన్నాభావు. అయినా దెబ్బ ఆయన బృందానికీ తగిలింది, లాల్ బావ్టా కూడా నిషేధంలో చిక్కుకుంది. దళితుల కళను అసభ్యమని ముద్రవేసి మూసేయడం అప్పటికే పాత అలవాటు. డప్పు చప్పుడు కర్ణకఠోరమన్నవాళ్ళు మన దగ్గరా తక్కువేం లేరు.

అప్పుడాయన చేసిన పనిలో మొండితనం కంటే తెలివి ఎక్కువ కనిపిస్తుంది మాకు. తమాషా అన్న పేరు మీదే కదా నిషేధం. అయితే ఆ పేరు వదిలేద్దామని అదే ఆటకు 'లోకనాట్య' అని కొత్త పేరు పెట్టి ఆడాడు. ఇవాళ మరాఠీ నాటకరంగ చరిత్ర రాసేవాళ్ళు లోకనాట్యాన్ని ఒక గౌరవమైన ప్రక్రియగా రాస్తారు. అది పోలీసుల కళ్ళు కప్పడానికి కూడా పనికొచ్చిన పేరని ఒక్కోసారి రాయడం మరిచిపోతారు. నేరుగా ఢీకొట్టి జైల్లో కూర్చోవడం ఒక దారి. ఆట ఆగకుండా చూసుకోవడం ఇంకో దారి. ప్రతి ప్రదర్శనకూ ముందు అనుమతి కాగితాల కోసం తిరగాల్సివస్తున్న ఇవాళ్టి విద్యార్థి బృందాలకు ఈ రెండో దారి గురించి ఎక్కువ చెప్పాలనిపిస్తుంది. ఇంతకీ ఇప్టా, అంటే భారతీయ ప్రజానాట్య సంఘం, అఖిల భారత అధ్యక్షుడిగా కూడా ఆయన ఎన్నికయ్యాడు. ఒకటిన్నర రోజు చదువుకున్నవాడు.

ఒక మాట ఇక్కడ చెప్పాలి. ఆ రోజుల్లో ఇప్టాలో పెద్ద పెద్ద పేర్లున్నాయి. చదువుకున్నవాళ్ళు, ఉన్న కుటుంబాల నుంచి వచ్చినవాళ్ళు. వాళ్ళూ సాహసం చేశారు, కాదనం. కానీ ఆట ఆగిపోతే వాళ్ళలో చాలామందికి వెళ్ళడానికి ఒక ఇల్లుంది, ఒక ఉద్యోగముంది, సినిమా ఉంది. అన్నాభావుకు ఉన్నది ఘాట్కోపర్ చిరాగ్‌నగర్‌లో ఒక గుడిసె. ఇరవై ఏళ్ళకు పైగా అందులోనే బతికాడు, అందులోనే రాశాడు. కళలో తెగింపు గురించి మాట్లాడేటప్పుడు ఎవరు ఎంత ఎత్తు నుంచి దూకారన్నదే చెబుతారు. కింద ఎవరికి పరుపుంది, ఎవరికి రాయుంది అన్నది కూడా చూడాలి.

సంయుక్త మహారాష్ట్ర ఉద్యమంలో ఆయన పాటే ఆయుధమైంది. మరాఠీ మాట్లాడేవాళ్ళందరికీ బొంబాయితో కలిపి ఒక రాష్ట్రం కావాలన్న ఆ పోరాటంలో వందమందికి పైగా కాల్పుల్లో చనిపోయారు. దాని కోసం ఆయన కట్టిన పాట ఒక భర్త పాట. పొట్టకూటికి బొంబాయి వచ్చినవాడు, ఊళ్ళో వదిలేసిన భార్య మైనాను తలుచుకుంటాడు. ఆమె అందం, బీదతనం, వీడ్కోలు చెప్పిన తీరు తలుచుకుంటూ తలుచుకుంటూ, బెళగావి, కార్వార్ లాంటి సరిహద్దు ప్రాంతాలు రాష్ట్రానికి దూరమైపోతున్న బాధలోకి జారిపోతాడు. రాజకీయ పాటను విరహగీతంగా కట్టడం మామూలు విషయం కాదు. ఊరు విడిచి బతకడానికొచ్చిన ప్రతి మిల్లు కార్మికుడికీ ఒక మైనా ఉంది. 1960 మే 1న మహారాష్ట్ర ఏర్పడింది. బెళగావి, కార్వార్ దానిలో కలవలేదు.

నవలల సంగతికొస్తే, ఆయన రాసినవి ముప్పై అయిదు. కథా సంపుటాలు వేరే. అన్నీ గొప్పవని మేం అనం. కొన్ని బియ్యం కోసం రాసినవి, తొందర కనిపిస్తుంది. 'ఫకీరా' మాత్రం వేరు. 1959లో వచ్చింది, రాష్ట్ర ప్రభుత్వ బహుమతి అందుకుంది. ఫకీరా అన్నాభావు బంధువుల్లోని మనిషే, బ్రిటిష్ ఖజానా కొల్లగొట్టిన మాంగ్ వీరుడు. అన్నాభావు పుట్టినప్పుడు ఆ కొల్ల డబ్బుల్లోంచి గుప్పెడు బాలింత ఇంట్లో ఇచ్చి వెళ్ళాడని ఆ కుటుంబంలో ఒక కథ చెప్పుకునేవాళ్ళు. నవల్లో ఊరి గౌరవం కోసం పక్క ఊరి నుంచి జాతర హక్కు తెచ్చే సాహసంలో ఫకీరా తండ్రి రాణోజీ ప్రాణం పోతుంది. కొడుకు కాలానికి కరువొస్తుంది. వాడ ఆకలితో చస్తుంటే ఫకీరా ధాన్యం కొల్లగొట్టి పంచుతాడు, తర్వాత ఖజానా. చివరికి తన జనాన్ని ప్రభుత్వం నిర్బంధిస్తే వాళ్ళ కోసం తనంతట తానే లొంగిపోతాడు. ఉరి.

పోలీసు రికార్డులో దొంగ అని రాసి ఉన్న మనిషిని కథానాయకుణ్ణి చేయడం 1959లో చిన్న సంగతి కాదు. నేరస్త కులాల చట్టం రద్దయి అప్పటికి ఏడేళ్ళే. ముద్ర పోలేదు. మా కులం దొంగల కులం కాదని వేడుకుంటూ రాయొచ్చు, చాలామంది అలాగే రాసేవాళ్ళు. అన్నాభావు వేడుకోలేదు. అవును, కొల్లగొట్టాడు, ఎందుకు కొల్లగొట్టాడో చూడండి అని కథ పరిచాడు. ఆ తేడాలోనే నవల బలమంతా ఉంది. మాంగ్‌వాడకు ఆ పుస్తకం ఒక వంశచరిత్ర అయిపోయింది.

అయినా మమ్మల్ని అడిగితే, అన్నాభావును మొదటిసారి చదివేవాళ్ళు 'స్మశానాతీల్ సోనే' కథతో మొదలుపెట్టాలి. శ్మశానంలో బంగారం. వార్ణా ఒడ్డున ఉన్న ఊరి నుంచి బొంబాయి వచ్చిన భీమా అనే బలశాలి, శివార్లలోని రాళ్ళ క్వారీలో పని చేసుకుంటుంటాడు. క్వారీ మూతపడుతుంది. పెళ్ళాం, కూతురు. ఒకరోజు చితి బూడిదలో చిన్న బంగారు తునక దొరుకుతుంది. అక్కణ్ణుంచి శవాలు వెతకడం అతని ఉద్యోగం. చచ్చినవాడి ముక్కున, చెవిన, నోట్లో మిగిలిన బంగారం కోసం రాత్రుళ్ళు గోతులు తవ్వుతాడు. ఒక రాత్రి తాజా సమాధి దగ్గర నక్కల గుంపుతో కలబడాల్సివస్తుంది. నక్కలకు మాంసం కావాలి, ఇతనికి బంగారం. ఆ పోరాటం రాసిన తీరు చదివితే పొవాడా యుద్ధ వర్ణన గుర్తొస్తుంది. గెలుస్తాడు. శవం నోట్లో వేళ్ళు పెడతాడు, దవడలు పట్టేస్తాయి. చివరికి రెండు వేళ్ళు తీసేయాల్సివస్తుంది. సరిగ్గా అప్పుడే కబురొస్తుంది, క్వారీ మళ్ళీ తెరిచారని. కొండల్ని పగలగొట్టే వేళ్ళు పోయాయని భీమా పసిపిల్లాడిలా ఏడుస్తాడు. కథ అంతే. ఎవరూ ఉపన్యాసం ఇవ్వరు. ఆయన సభ్యుడిగా ఉన్న పార్టీ కథల్లో ఆ రోజుల్లో కార్మికుడు చివర్లో జెండా పట్టుకునేవాడు. ఇక్కడ కార్మికుడు శవం నోట్లో చేయి పెట్టాడు. అలా ముగించడానికి ఎంత నమ్మకం కావాలో, కార్యకర్తలుగా ఉంటూ కథలు రాసేవాళ్ళకు బాగా తెలుస్తుంది.

1958 మార్చి 2న బొంబాయిలో మొదటి దళిత సాహిత్య సమ్మేళనం జరిగింది. అంబేడ్కర్ పోయి ఏడాదిన్నర కూడా కాలేదు. ప్రారంభోపన్యాసం అన్నాభావుది. భూమిని ఆదిశేషుడు మోస్తున్నాడన్న పురాణాన్ని తోసిపుచ్చి, దాన్ని మోస్తున్నది దళితుల, కష్టజీవుల అరచేయి అని అక్కడ చెప్పాడు. అంబేడ్కర్ పోయాక, లోకాన్ని మార్చే దెబ్బ వేయమని భీమరావు తనకు చెప్పి వెళ్ళాడన్న అర్థంలో ఒక పాట కట్టాడు. ఇవాళ అంబేడ్కరిస్టు సభల్లో అది పాడకుండా ఉండరు. ఒక కమ్యూనిస్టు ఆ పాట కట్టడం రెండు వైపులా ఇబ్బందే. ఎర్రజెండావాళ్ళకు అది కులం మాట, నీలిజెండావాళ్ళకు ఆయన అవతలి పార్టీ మనిషి. పైగా మహర్లు అంబేడ్కర్ వెంట బౌద్ధంలోకి వెళ్తున్న రోజులు, ఆయన మాంగ్.

1961లో రష్యా వెళ్ళొచ్చి యాత్రా కథనం రాశాడు. నవలలు అరడజనుకు పైగా సినిమాలయ్యాయి. గుడిసె మాత్రం మారలేదు. ప్రచురణకర్తలు చేతిలో కొంత పెట్టి రాతప్రతులు తీసుకెళ్ళేవాళ్ళు, పుస్తకాలు అచ్చు మీద అచ్చు పడుతుంటే రాసినవాడు మందుకు, బియ్యానికి తడుముకునేవాడు. చివర్లో ప్రభుత్వం గోరేగావ్‌లో ఒక చిన్న ఇల్లిచ్చింది. 1969 జూలై 18న అక్కడే పోయాడు. నలభై తొమ్మిదో పుట్టినరోజుకు ఇంకా రెండు వారాలుంది.

2002లో ఆయన పేర తపాలా బిళ్ళ వచ్చింది. 2022లో మాస్కోలో విగ్రహం పెట్టారు, ఆవిష్కరించింది బీజేపీ ఉపముఖ్యమంత్రి. ఎస్సీ వర్గీకరణ మీద సుప్రీంకోర్టు తీర్పు వచ్చిన రోజు 2024 ఆగస్టు 1, ఆయన జయంతి. మహారాష్ట్ర మాంగులు ఆ యాదృచ్ఛికాన్ని ఎలా చూసి ఉంటారో మన మాదిగ ఉద్యమ మిత్రులకు వేరే చెప్పనక్కర్లేదు.

ఆయన కమ్యూనిస్టా, అంబేడ్కరిస్టా అన్న గొడవ మహారాష్ట్రలో ఇప్పటికీ నడుస్తోంది. రెండు పక్షాలవాళ్ళ దగ్గరా రుజువులున్నాయి. 'ఫకీరా'ను అంబేడ్కర్ కలానికి అంకితమిచ్చిన మనిషే, ఆ తర్వాత రెండేళ్ళకు మాస్కో వెళ్ళాడు.